గ్రాండ్ పియానో శాంప్లింగ్: మూడు రాత్రులు సరిపోతాయా?

మీరు అడిగింది ఇది. చెన్నైలో ఒక హాల్లో ఉన్న తొమ్మిది అడుగుల కచేరీ గ్రాండ్ పియానో డిసెంబరులో మూడు రాత్రుల పాటు మీ చేతికి వస్తోంది. దాని ఒక్కో స్వరాన్నీ రికార్డు చేసి, కంప్యూటర్లో వాయించుకునే శాంపిల్ లైబ్రరీగా చేసి అమ్మాలని ఆలోచన. మెట్టుకు 24 వెలాసిటీ లేయర్లు (మెత్తగా మొదలుకొని గట్టిగా దాకా 24 బలాల్లో కొట్టిన దెబ్బలు), మోతను ఆపకుండా ఉంచే పెడల్ లేకుండా ఒకసారి, అది నొక్కి ఒకసారి, ఎనిమిది మైకులు, 192 కిలోహెర్ట్జ్ (సెకనుకు 1,92,000 కొలతలు). ఏ మైకులు అద్దెకు తెచ్చుకోవాలని మీ సందేహం.

మైకుల సంగతి తర్వాత చూద్దాం. ముందు కాగితం, పెన్ను తీసుకోండి. 88 మెట్లు, 24 లేయర్లు, రెండు రకాలు: 4,224 దెబ్బలు. పియానోలో అట్టడుగున ఉన్న 'ఏ' (A) స్వరం తీగ నలభై సెకన్లు దాటి మోగుతుంది, పైన చివరి 'సి' (C) ఒకటి రెండు సెకన్లలో చల్లారిపోతుంది. సగటున ఇరవై సెకన్ల మోత, వాయించేవారు ఊపిరి పీల్చుకుని మళ్లీ చెయ్యి పెట్టడానికి ఇంకో ఐదు సెకన్లు అనుకోండి. మొత్తం 29 గంటల 20 నిమిషాలు. అదీ ఒక్క దెబ్బ కూడా తప్పకుండా, బయట ఒక్క లారీ కూడా హారన్ కొట్టకుండా ఉంటేనే. చెన్నైలో రాత్రి పదకొండు నుంచి నాలుగు వరకే ఈ పనికి వీలు. రాత్రికి ఐదు గంటల చొప్పున మూడు రాత్రులకు పదిహేను. అంటే మీ ప్రణాళిక సగం మీద ఆగిపోతుంది. డిస్కు లెక్క కూడా వేశాను: ఎనిమిది చానళ్లు 192లో 24 బిట్లతో అన్ని గంటలంటే దాదాపు 487 జీబీ. అది దాచుకోవచ్చు, కానీ ఎడిట్ చేసేది ఎవరు?

నేనైతే ఇలా చేస్తాను. పెడల్ లేకుండా 88 మెట్లకూ పదేసి లేయర్లు, పెడల్ నొక్కి పట్టి ఐదేసి. 1,320 దెబ్బలు, 9 గంటల 10 నిమిషాలు. ఇంకా ఆరు గంటలు చేతిలో ఉంటాయి. తప్పిపోయినవి మళ్లీ తీయడానికి, శ్రుతి సరిచూడటానికి, మెట్టు వదిలినప్పటి చప్పుళ్లకు అవన్నీ కావాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఆరు చానళ్లు చాలు, మొత్తం 28.5 జీబీ అవుతుంది. పియానోలో అన్నిటికంటే పై స్వరం మూల పౌనఃపున్యం 4,186 హెర్ట్జ్ మాత్రమే. దాని పైన వచ్చే అనుస్వరాలకు (హార్మోనిక్స్‌కు) కూడా 48లో చోటుంది.

పది లేయర్లు తక్కువని అనిపించవచ్చు. ఉచితంగా దొరికే పియానో శాంపిల్ లైబ్రరీ సాలమాండర్ గ్రాండ్‌ను చూడండి. యమహా సి5 పియానో, రెండే మైకులు, 16 లేయర్లు, అదీ ప్రతి మెట్టూ కాకుండా మూడు మెట్లకు ఒకటి చొప్పున తీసింది. ఇన్నేళ్లుగా ప్రపంచమంతా వాడుతోంది. నేను 88 మెట్లూ తీయమనడానికి కారణం వేరు. పక్కపక్కన ఉన్న రెండు మెట్లను వేగంగా మార్చి మార్చి వాయించినప్పుడు, ఒకే శాంపిల్‌ను పైకీ కిందికీ సాగదీసి పెట్టి ఉంటే చెవి ఇట్టే పట్టేస్తుంది. లేయర్ల విషయంలో అంత పట్టదు. ఉన్న పదింటిలో ఆరు మెత్తని వైపు పెట్టుకోండి. గట్టిగా కొట్టేకొద్దీ, తీగను కొట్టే హ్యామర్ మీది ఫెల్టు నొక్కుకుని బిగుసుకుంటుంది, శబ్దంలో మెరుపు పెరుగుతుంది. అందుకే ఒకే శాంపిల్ వాల్యూమ్ పెంచి గట్టి దెబ్బ అనిపించలేం. అయితే సినిమా నేపథ్య సంగీతానికి పియానో వాడేవాళ్లలో నూటికి తొంభై మంది వాయించేది మెత్తగానే. నేను పాతికేళ్లుగా చెన్నై సినిమా స్టూడియోలుండే కోడంబాక్కం, సాలిగ్రామం చుట్టూ ఇదే పనిలో ఉన్నాను, ఆ మాత్రం చెప్పగలను.

ఇప్పుడు అసలు విషయం. ఈ పనికి కొత్తగా వచ్చినవాళ్లందరూ స్వరం మొదటి అర సెకను మీద ప్రాణం పెడతారు. లైబ్రరీ చెడేది మాత్రం చివరి ఇరవై సెకన్లలో. పియానో స్వరం రెండు దశల్లో తగ్గుతుంది. హ్యామర్ తీగను నిలువుగా కదిలిస్తుంది. ఆ కదలిక బ్రిడ్జి అనే చెక్క పట్టీ ద్వారా, శబ్దాన్ని గదిలోకి పంపే చెక్క పలక సౌండ్‌బోర్డుకు త్వరగా చేరిపోతుంది కాబట్టి శబ్దం ముందు గబగబా పడిపోతుంది. అడ్డంగా కదిలే కొద్దిపాటి కంపనం, ఒకే స్వరానికి ఉన్న మూడు తీగల మధ్య వెంట్రుకవాసి తేడా కలిసి, సన్నగా, చాలాసేపు నిలిచే రెండో మోతను ఇస్తాయి. గాబ్రియెల్ వైన్‌రైక్ అనే భౌతిక శాస్త్రవేత్త 1977లో దీన్ని వివరంగా రాశాడు. తంబూర మీటి వదిలాక చెవి ఒగ్గి వినే అలవాటు ఉన్నవాళ్లకు ఈ రెండో మోత కొత్తేమీ కాదు. పియానో పియానోలా వినిపించడానికి అదే ఆధారం. హాలులోని సకల చప్పుళ్లూ వచ్చి కూర్చునేదీ అక్కడే.

ఒక్క శాంపిల్ విడిగా వింటే ఆ చప్పుడు తెలియదు. లైబ్రరీ వాయించేటప్పుడు పెడల్ నొక్కి నలభై స్వరాలు మోగిస్తే, నలభై నేపథ్య చప్పుళ్లు ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. పదైతే 10 డెసిబెల్స్, నలభైయైతే 16 డెసిబెల్స్ పెరుగుతుంది. హాలులో వినిపించని గాలి హోరు ఇంట్లో కంప్యూటర్ ముందు వర్షంలా వినిపిస్తుంది. శబ్దం తొలగించే సాఫ్ట్‌వేర్ ఉంది కదా అంటారు. ఉంది, కానీ చప్పుడుతో పాటు ఆ రెండో మోతను కూడా కొరికేస్తుంది. నేను దాన్ని చివరి మార్గంగా, అదీ పొదుపుగా వాడతాను.

కరెంటు హమ్ సంగతి ఇంకా చిత్రం. మన కరెంటు 50 హెర్ట్జ్, హమ్‌లో దాని రెట్టింపు 100 కూడా ఉంటుంది. పియానోలో కింది నుంచి మొదటి జి స్వరం 49 హెర్ట్జ్, దాని పై జి 98. కేబుల్‌లో హమ్ ఉంటే మొదటిది సెకనుకు ఒకసారి, రెండోది సెకనుకు రెండుసార్లు ఊగిసలాడుతుంది. తీగ శ్రుతి తప్పిందనుకుని, పియానో శ్రుతి చేసే ట్యూనర్‌ను నిద్రలేపిన ఘనుణ్ని నేనే. ఆయన చూసి, స్టేజి మీద డిమ్మర్ లైట్లు ఆపించి, మళ్లీ పడుకున్నారు.

పోయిన వారమే హాలుకు వెళ్లి ఉండాల్సింది, ఇకనైనా వెళ్లండి. రాత్రి పన్నెండున్నరకు మైకులు పెట్టి, ఎవరినీ కదలనివ్వకుండా రెండు నిమిషాల నిశ్శబ్దం రికార్డు చేయండి. ఇంటికి వచ్చి దాన్ని 40 డెసిబెల్స్ పెంచి వినండి. ఎగ్జిట్ బోర్డు గుయ్‌మనడం, మేడ మీది నీళ్ల మోటారు, వాచ్‌మన్ ఫోనులో పాటలు, కోయంబేడు మార్కెట్‌కు కూరగాయలు తెచ్చే లారీలు, లోకల్ రైలు వెళ్లినప్పుడు నేలలో వచ్చే అదురు, అన్నీ వినిపిస్తాయి. వీటిలో సగం ఆపించగలిగినవే. నాలుగు దాటాక కాకులు లేస్తాయి, గుళ్లో మైకు మొదలవుతుంది, అక్కడితో దుకాణం కట్టేయాలి.

బల్లి గురించి కూడా చెప్పాలి. నా రెండో లైబ్రరీలో నడి స్థాయి ఏ-ఫ్లాట్, మెత్తనిది, పద్నాలుగో సెకను దగ్గర బల్లి పలికింది. మేము ఎవరమూ గమనించలేదు. మూడు నెలల తర్వాత ఇంట్లో లైబ్రరీ పరీక్షిస్తూ ఆ మెట్టు నెమ్మదిగా నొక్కి పట్టినప్పుడల్లా, పక్కగదిలో మా అమ్మ 'సత్యం, సత్యం' అంటూ నేల మీద వేలితో తడుతోంది. గోడ మీద బల్లి లేదని, అది నా పియానోలో ఉందని తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. ప్రతి శాంపిల్ చివరిదాకా హెడ్‌ఫోన్లలో వినమని అప్పటినుంచి అందరికీ చెబుతున్నాను. విసుగు పుట్టించే పనే, కానీ దానికి అడ్డదారి లేదు.

ఇక ఏసీ. అది ఆపకుండా రికార్డింగ్ కుదరదు. ఆపితే చెన్నై గాలి హాలులోకి వస్తుంది. వేడికి తీగలు సడలి స్వరం దిగుతుంది, తేమకు స్ప్రూస్ చెక్క సౌండ్‌బోర్డు ఉబ్బి స్వరం ఎక్కుతుంది. రెండూ ఒకే వేగంతో జరగవు, అన్ని మెట్ల మీదా ఒకేలా జరగవు, నడి స్థాయిలో ఎక్కువ తెలుస్తుంది. చల్లని హాలులో సాయంత్రం ఐదింటికి శ్రుతి చేయించి, ఏసీ ఆపి పదకొండింటికి మొదలుపెడితే, మీరు రికార్డు చేసేది ఆ శ్రుతి కాదు. ముందు రోజు మధ్యాహ్నం నుంచే ఏసీ ఆపించండి, పియానో ఆ గాలికి అలవాటు పడనివ్వండి, ఏ స్థితిలో రికార్డు చేస్తారో ఆ స్థితిలోనే శ్రుతి చేయించండి. హాలువాళ్లు ఏసీ డబ్బులు తగ్గుతాయని సంతోషిస్తారు కూడా. డిసెంబరు మాత్రం వదిలేయండి. ఈశాన్య రుతుపవనాల వానలు ఇంకా తగ్గి ఉండవు, చెన్నై సంగీతోత్సవ కాలమైన మార్గళి కచేరీలతో హాళ్లన్నీ నిండి ఉంటాయి, రాత్రి తొమ్మిదికి జనం వెళ్లాక కుర్చీలు సర్దడమే పన్నెండు దాకా సాగుతుంది. సంక్రాంతి వెళ్లాక, ఎండలు ముదరకముందు, ఫిబ్రవరిలో తారీఖులు మార్చుకోండి.

ఏ మెట్టు ముందు, ఏది తర్వాత అన్నది ఎవరూ అడగరు. నన్ను ముంచింది అదే. మొదటిసారి నేను ఎడమ నుంచి కుడికి వరసగా వెళ్లాను, హార్మోనియం తుడిచినట్టు. రెండు రాత్రులు బ్రహ్మాండంగా నడిచింది. మూడో రాత్రి వాన పట్టుకుంది. హాలు పైకప్పు రేకు. తెల్లవారేదాకా కాఫీలు తాగుతూ కూర్చున్నాం. నా చేతిలో మిగిలింది పై స్థాయి లేని పియానో. రెండు నెలల తర్వాత మళ్లీ హాలు దొరికింది, మిగిలిన మెట్లు తీశాను, అతికించాను. వేరే ఊరి పియానో తెచ్చి తగిలించినట్టుంది. ఆ లైబ్రరీ ఎప్పుడూ బయటికి రాలేదు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. మొదటి రాత్రి ప్రతి స్థాయిలోనూ సి, డి-షార్ప్, ఎఫ్-షార్ప్, 'ఏ' మాత్రమే. రెండో రాత్రి సి-షార్ప్, 'ఈ', జి, ఏ-షార్ప్. మూడో రాత్రి డి, ఎఫ్, జి-షార్ప్, బి. ఒక మెట్టుకు సంబంధించిన లేయర్లన్నీ ఒకే విడతలో పూర్తిచేయాలి, లేకపోతే లేయర్ల మధ్య శ్రుతి తేడా వచ్చి కలిసేచోట గరగరలాడుతుంది. ఇలా చేస్తే రోజురోజుకూ జరిగే శ్రుతి మార్పు ఒక చివర పేరుకోకుండా పియానో అంతటా చెదిరిపోతుంది. పక్క మెట్ల మధ్య రంగులో కాస్త తేడా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మొదటి రాత్రితోనే పని ఆగిపోయినా, మూడు మెట్లకు ఒకటి చొప్పున ఈ చివర నుంచి ఆ చివరకు ఉన్న పూర్తి వాద్యం మీ డిస్కులో ఉంటుంది. వానకు భయపడక్కరలేదు.

మైకు స్టాండ్లు మూడు రోజులూ అంగుళం కదలకూడదు. కాళ్ల చుట్టూ నేల మీద టేపు అంటించండి, మైకు కొన నుంచి దారానికి బరువు కట్టి వేలాడదీసి అది తాకిన చోటా గుర్తు పెట్టండి, ఫోనుతో నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ఒకసారి మా స్టాండ్లను పొద్దున్నే ఊడ్చే ఆవిడ ఎంతో జాగ్రత్తగా పక్కకు పెట్టి, కింద తుడిచి, మళ్లీ అంతే జాగ్రత్తగా పెట్టింది, నాలుగు అంగుళాలు పక్కన. చెప్పినదాకా మాకు తెలియదు. తనే గొప్పగా చెప్పింది, శుభ్రం చేశానని. అప్పటినుంచి 'తొడాదీంగ' (ముట్టుకోకండి) అని తమిళంలో అట్ట ముక్క మీద రాసి తగిలిస్తున్నాం, సాయంత్రం కనబడితే టీకి డబ్బులు కూడా ఇస్తున్నాం. రెండోదే ఎక్కువ పనిచేసింది.

వాయించేవారిని ఎంచుకునేటప్పుడు కచేరీ విద్వత్తు చూడకండి, కదలకుండా కూర్చునే ఓపిక చూడండి. కింది స్వరం కొట్టి నలభై సెకన్లు మెట్టు నొక్కి పట్టుకుని బొమ్మలా ఉండాలి. మెత్తని నూలు బట్టలు, చేతికి గడియారం వద్దు, గాజులు వద్దు, స్టూలు కిర్రుమంటే బిగించాలి. రాత్రి భోజనం ఎనిమిదిన్నరకే, తేలికగా. రెండింటికి ఖాళీ కడుపు చేసే చప్పుడు కూడా మంచి మైకు పట్టుకుంటుంది, నిండు కడుపు చేసేదీ పట్టుకుంటుంది. అర్ధగంటకోసారి ఐదు నిమిషాలు విరామం ఇవ్వండి. మెత్తని లేయర్లు రాత్రి మొదట్లో, వేళ్లు తాజాగా ఉన్నప్పుడు తీయండి. అన్నిటికంటే మెత్తని దెబ్బలో హ్యామర్ తీగను తాకీ తాకనట్టు ఉంటుంది, పది ప్రయత్నాల్లో నాలుగు అసలు పలకవు.

దెబ్బల బలం కచ్చితంగా సమానంగా రావాలని వాయించేవారిని వేధించకండి. మెట్టుకు పది లేయర్లు కావాలంటే, మెత్తని నుంచి గట్టికి పన్నెండు పదమూడు కొట్టించి, తర్వాత కంప్యూటర్‌లో శబ్ద స్థాయి కొలిచి వరుసపెట్టి పదింటిని ఎంచుకోండి. సొలినాయిడ్లతో (చిన్న విద్యుదయస్కాంతాలతో) తనంతట తాను వాయించే డిస్‌క్లావియర్ లాంటి పియానో అయితే ఈ బాధ ఉండదు, కానీ మీ హాలులోది అలాంటిది కాదన్నారు. మైకు సంకేతాన్ని పెంచే ప్రీ-యాంప్ గెయిన్‌ను మాత్రం లేయరు లేయరుకూ మార్చకండి. అత్యంత గట్టి దెబ్బకు శిఖరం మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉండేలా ఒకసారి పెట్టి, నాబ్‌ల మీద టేపు వేసేయండి.

ట్యూనర్ మూడు రాత్రులూ హాలులోనే ఉండాలి. మీ బడ్జెట్‌లో ఎనిమిది మైకుల అద్దె రాసుకున్నారు, ట్యూనర్‌కు ఒక్క సాయంత్రం రాసుకున్నారు. తారుమారు చేయండి. శ్రుతి చేయడమే కాదు, గట్టిగా మొరిగే హ్యామర్లను సూదులతో గుచ్చి మెత్తబరచడం, కిర్రుమనే పెడల్‌కు వైద్యం, ఎక్కడో అదిరే స్క్రూ పట్టుకోవడం, ఇవన్నీ మొదటి రాత్రికి ముందే అయిపోవాలి. తొమ్మిది అడుగులంటే 274, 275 సెంటీమీటర్ల తరగతి పియానో; స్టైన్‌వే మోడల్ డి అయితే 480 కిలోలు. శ్రుతి అయ్యాక స్టేజి మీద అటూ ఇటూ జరపవద్దు.

ఇప్పుడు మైకులు. ఎనిమిది వద్దు, మూడు జతలు చాలు. ఒకటి మూత లోపల, హ్యామర్లకు కాస్త ఎగువన, తీగలకు అడుగు ఎత్తున. రెండోది మూత పూర్తిగా ఎత్తి, శ్రోతల వైపు మీటరు, మీటరున్నర దూరంలో. మూడోది ఐదు మీటర్ల దూరంలో, గది కోసం. మూడో జతకు శబ్దం దాదాపు 14 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. కంప్యూటర్‌లో దాన్ని ముందుకు జరిపి కలపాలనే కోరిక పుడుతుంది. జరపకండి, ఆ ఆలస్యమే గది. పేరున్న మైకే కావాలనే పట్టుదల కూడా వద్దు. మైకు సొంత చప్పుడు చూడండి: డీపీఏ 4006కు 15 డెసిబెల్స్, న్యూమన్ కేఎం 184కు 13, టీఎల్ఎం 103కి 7, రోడ్ ఎన్‌టీ1-ఏకి 5. చివరిది వీటన్నిటిలో చవక. దగ్గరి జతకు శబ్దం దండిగా అందుతుంది కాబట్టి అక్కడ 4006 రాజసంగా ఉంటుంది. దూరపు జతకు అందేదే తక్కువ, అక్కడ నేను సిగ్గుపడకుండా చవక మైకే పెడతాను.

మిగిలిన ఆరు గంటల్లో మర్చిపోకూడనివి కొన్ని ఉన్నాయి. మెట్టు వదిలినప్పుడు, మోతను ఆపే డ్యాంపర్ తీగ మీద పడే చప్పుడు, ఆ వెంటనే గదిలో మిగిలే మోత. దీన్ని ప్రతి మెట్టుకూ తీయండి, ఇది లేని లైబ్రరీలో స్వరాలు కత్తిరించినట్టు ఆగిపోతాయి. పై ఒకటిన్నర స్థాయి మెట్లకు డ్యాంపర్లే ఉండవు, అక్కడ మెట్టు వదిలినా తీగ మోగుతూనే ఉంటుంది. ప్రోగ్రామింగ్‌లో ఆ మెట్లను వేరుగా చూసుకోవాలి. పెడల్ నొక్కే, వదిలే చప్పుళ్లు నెమ్మదిగా ఆరుసార్లు, వేగంగా ఆరుసార్లు తీయండి.

హాలువాళ్ల దగ్గర రికార్డింగ్‌కు, అమ్మకానికి కూడా లిఖితపూర్వక అనుమతి తీసుకోండి. పియానో కంపెనీ పేరు లైబ్రరీ పేరులో పెట్టకండి, అది వాళ్ల ట్రేడ్‌మార్కు. శాంపిళ్లను వాయించే సాఫ్ట్‌వేర్ కాంటాక్ట్‌లో చేస్తారా, ఎస్ఎఫ్‌జెడ్ అనే ఫైలు పద్ధతిలో చేస్తారా అన్నది ఇప్పుడే తేల్చుకోనక్కరలేదు. ఉచిత కాంటాక్ట్ ప్లేయర్‌లో పూర్తిగా నడవాలంటే ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి లైసెన్సు రుసుము కట్టాలని మాత్రం గుర్తుంచుకోండి.

హాలుకు వెళ్లి ఆ రెండు నిమిషాల నిశ్శబ్దం రికార్డు చేశాక ఫైలు నాకు పంపండి, పెంచకుండా, ఉన్నదున్నట్టు. మా అమ్మకు కూడా వినిపిస్తాను.